తొలి గుక్క

మా ఊళ్ళో కొబ్బరి దింపు రోజున అప్పన్న తాగకముందు ఎవరూ బొండం నీళ్ళు తాగరు. ఇప్పుడు 'తాగేవారు కాదు' అని చెప్పుకోవాలి. నాకింకా ఆ మాట అలవాటు కాలేదు.

దింపు అంటే చెట్టెక్కి కాయలు కోసి దించడం. ఉద్దానంలో, కవిటి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అదే బతుకు. మా ఊళ్ళో దానికో పద్ధతి ఉంది. మొదటి చెట్టు నుంచి దిగిన మొదటి బొండాన్ని ఇంటావిడ తన చేత్తో చెక్కి, ఎక్కినవాడికి ఇవ్వాలి. అతను ఒక గుక్క తాగి, కాసిని నీళ్ళు చెట్టు మొదట్లో ఒలకబోసి, "సల్లగుండాల" అనాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు నోరు తడుపుకోవాలి. లేకపోతే చెట్టు అలుగుతుందట. చెట్టుకి అలకేమిటి, అదేమైనా కొత్తల్లుడా అని నేను చాలామందితో పోట్లాడాను. ఆటో తోలేవాడి మాట ఎవరు వింటారు?

అప్పన్న నాకు బావ. నా చెల్లెలు చిన్నతల్లి మొగుడు. పాతికేళ్ళకు పైగా ఊళ్ళో సగం చెట్లు ఎక్కింది అతనే. కాళ్ళకి తాడు బందం, నడుముకి కత్తి, నోట్లో చుట్ట, ఇదీ మనిషి. మాట తక్కువ. చెట్టు మీద ఉన్నప్పుడు మాత్రం కింద నడిచే ప్రతివాడినీ పేరు పెట్టి పిలిచి ఏదో ఒకటి అంటాడు. నా ఆటో అటు వెళితే, "బావా, నీ బండి పొగకి నా కాయలు మాడిపోతన్నాయి" అని పైనుంచి కేకేసేవాడు. పైన ఎవరున్నారో కనపడేది కాదు. ఆకాశంలోంచి వేళాకోళం దిగేది.

అలాంటివాడు ఒకరోజు రాజులమ్మ గారి పెరట్లో చెట్టు సగంలో ఆగిపోయాడు. పైకి పోలేడు, కిందికి రాలేడు. మానుని వాటేసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. దిగాక మనిషి చెమటతో తడిసి ముద్దయ్యాడు, పెదాలు నీలంగా ఉన్నాయి. రాజులమ్మ డెబ్బై దాటిన మనిషి. పిల్లల్లేరు. అప్పన్నని కొడుకులా చూసుకుంటుంది. గబగబా బొండం కొట్టి నోట్లో పోసింది. ఎండ దెబ్బ అంది. మా ఊళ్ళో ఏ జబ్బుకైనా మొదటి మందు అదే. జ్వరానికి, నీరసానికి, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన ఆడమనిషికి కూడా అదే పోస్తారు.

నేను ఊరుకోలేదు. నా ఆటో ఎక్కేవాళ్ళలో సగం మంది పలాసకి డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళే. ఉద్దానంలో పెళ్ళి సంబంధం అడిగేటప్పుడు కూడా కిడ్నీ పరీక్ష సంగతి కనుక్కునే రోజులొచ్చాయి. బావకీ అదే వచ్చిందనుకుని అక్కడికే తీసుకెళ్ళాను. కిడ్నీ కొంచెం దెబ్బతిన్న మాట నిజమే. కానీ అక్కడి డాక్టర్లు దాని గురించి మాట్లాడలేదు. గుండె పెరిగింది, విశాఖపట్నం వెళ్ళండి అన్నారు.

దారంతా అప్పన్న నవ్వుకుంటూ వచ్చాడు. "ఊరందరికీ కిడ్నీ సిన్నదైపోతంటే నాకు గుండె పెద్దదౌతంది బావా. నాను ముందే సెప్పినాను, నాది పెద్ద గుండె అని."

నాకు నవ్వు రాలేదు.

విశాఖపట్నంలో డాక్టరు ఓపిక గల మనిషి. బల్లమీద గుండె బొమ్మ పెట్టుకుని మాకు విడమరిచి చెప్పాడు. గుండెలోంచి రక్తం బయటికి వెళ్ళే తలుపు బిగుసుకుపోయింది. చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ళ జ్వరం వల్ల కావచ్చు. బిగిసిన తలుపుని ఏళ్ళ తరబడి తోసీ తోసీ గుండె కండ మందమైపోయింది.

"మందమైతే బలమే కదేటి బాబూ" అన్నాడు అప్పన్న.

"బలం కాదు, ఆకలి. కండ పెరిగింది గానీ దానికి తిండి మోసే నాళాలు పెరగలేదు" అన్నాడు డాక్టరు. "తలుపు మార్చాలి. ఆడుతున్న గుండెలో ఆ పని చేయలేం. ఆపాలి. చల్లటి మందు ఎక్కిస్తాం. అందులో పొటాషియం అని ఒక ఉప్పు ఉంటుంది. అది చేరగానే గుండె నిద్రపోతుంది. నిద్రలో ఉన్నంతసేపూ దానికి ఆకలి తక్కువ. పని అయ్యాక వెచ్చటి రక్తంతో ఆ ఉప్పుని కడిగేసి లేపుతాం."

చిన్నతల్లి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. గుండె ఆపుతాం అని ఒక మనిషి ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెబుతుంటే వినడం ఎవరికైనా కష్టమే.

"మామూలు గుండెతో ఇబ్బంది తక్కువ. మందపు గుండెతోనే చిక్కు. మందు పైపొరకి అందుతుంది, లోపలిపొరకి సరిగా అందదు. పైన చల్లగా నిద్రపోతూ ఉంటుంది, లోపల ఆకలితో మాడిపోతూ ఉంటుంది. అందుకే మందు మళ్ళీ మళ్ళీ ఇస్తాం. ముందునుంచీ పంపిస్తాం, వెనకనుంచీ పంపిస్తాం, చుట్టూ మంచు పెడతాం. ఇంత చేసినా లేచేటప్పుడు మొరాయించవచ్చు. మీకు ముందే చెప్పడం నా ధర్మం."

అప్పన్న ఆ బొమ్మ మీద వేలు పెట్టాడు. తర్వాత నాతో అన్నాడు, "మొవ్వు లాటిదన్నమాట బావా."

ఆ మాట డాక్టరుకి అర్థం కాలేదు. నాకు బాగా అర్థమైంది. కొబ్బరిచెట్టు నడినెత్తిన, మట్టల మధ్య దాగి ఉండే లేత మొలక మొవ్వు. చెట్టు ప్రాణం అక్కడే ఉంటుంది. తిత్లీ తుఫానులో కూలిపోయిన చెట్లని చూసి ఊరంతా ఏడ్చింది. నిలబడ్డ చెట్లని చూసి ఇవైనా దక్కాయనుకుంది. అప్పన్న ఒక్కడే వాటి కింద తిరుగుతూ తల అడ్డంగా ఊపేవాడు. మొవ్వు మెలిపడింది, ఇది పోద్ది, అదీ పోద్ది అని చూపించేవాడు. పచ్చగా ఉన్న చెట్టుని పట్టుకుని ఏం కూతలని అందరూ విసుక్కున్నారు. నెలలు గడిచాక ఒక్కొక్కటే తల వాల్చేశాయి.

ఆపరేషన్ రోజు నేనూ చిన్నతల్లీ బయట వరండాలో కూర్చున్నాం. లోపల మా బావ గుండె ఆగి ఉంది. ఆగిన గుండెతో మనిషి బతికే ఉన్నాడని నమ్ముకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. కాఫీ తాగాను, దాని రుచి తెలియలేదు. చెప్పిన సమయం దాటింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ చిన్నతల్లి లేచి నిలబడింది, వేరేవాళ్ళ పేరు పిలిస్తే కూర్చుంది. చివరికి లేవడం మానేసింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

డాక్టరు బయటికి వచ్చేసరికి ఆయన మొహం పీక్కుపోయి ఉంది. తలుపు బాగానే కుదిరిందట. కడిగి లేపబోతే గుండె లేవలేదట. వణికిందట గానీ కొట్టుకోలేదట. మళ్ళీ వెచ్చటి రక్తం పంపి, కాసేపు యంత్రం మీదే దానికి విశ్రాంతి ఇచ్చి, కరెంటు పెట్టి లేపారట. "లేచింది. కానీ మమ్మల్ని చాలా భయపెట్టింది" అన్నాడు.

చిన్నతల్లి ఆయన కాళ్ళ మీద పడబోతే ఆయన వెనక్కి తగ్గి ఆపాడు.

ఇంటికి పంపేరోజున ఆయన మా ముగ్గురినీ కూర్చోబెట్టాడు. ఇంత పెద్ద ఆపరేషన్‌తో కిడ్నీలు ఇంకాస్త నీరసించాయన్నాడు. రోజూ నెమ్మదిగా నడవాలి, చెట్టు వైపు చూడకూడదు అన్నాడు. చివర్లో కొబ్బరి నీళ్ళ సంగతి ఎత్తాడు.

"గుండెని నిద్రపుచ్చడానికి మేం వాడిన ఉప్పే కొబ్బరి నీళ్ళలో దండిగా ఉంటుంది. మంచి కిడ్నీ ఐతే దాన్ని బయటికి తోసేస్తుంది. నీ కిడ్నీ తోయలేదు. అది రక్తంలో పేరుకుపోతే గుండె ఆగిపోతుంది. ఇక్కడ ఆగితే కడిగి లేపడానికి మేమంతా ఉన్నాం. మీ ఇంట్లో ఎవరున్నారు? ఒక్క గుక్క కూడా వద్దు."

"అలగే బాబూ" అన్నాడు అప్పన్న. అంత తేలిగ్గా ఒప్పుకున్నవాణ్ణి నమ్మకూడదని నాకు అప్పుడే తోచింది.

ఊరికి వచ్చిన రోజునుంచీ చూడ్డానికి జనం మొదలయ్యారు. ఉద్దానంలో రోగిని చూడ్డానికి వట్టి చేతుల్తో ఎవరూ రారు. వచ్చిన ప్రతివాడి చేతిలోనూ బొండాలే. పైగా అవి అతను ఎక్కిన చెట్లవి. వద్దంటే ఎలా అని గుమ్మంలో దించేసి వెళ్ళిపోయేవారు. వసారాలో గుట్ట పెరుగుతూ వచ్చింది. చిన్నతల్లి సాయంత్రానికల్లా ఇల్లిల్లూ తిరిగి పంచేసేది, పొద్దున్నకి మళ్ళీ గుట్ట తయారు. అప్పన్న దానికి ఎదురుగా మంచం మీద కూర్చుని ఉండేవాడు. ఆ గుట్టని చూస్తే, అంత ప్రేమని ఆ ఇంటి ముందు ఎవరో పగబట్టి పోస్తున్నట్టు ఉండేది.

చిన్నతల్లి మంచి కాపలాదారే. అతని తాడు బందాన్ని కోసి దూడని కట్టేసింది. కత్తి తెచ్చి మా ఇంట్లో పెట్టింది. ఇంట్లో ఒక్క బొండం ఉండనిచ్చేది కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె అతన్ని కాపాడింది. కానీ డాక్టరు రోజూ నడవమన్నాడు కదా.

ఆ ఏడు కాపు తగ్గింది. తెల్లదోమ పట్టింది, వానలు ముందూ వెనకా అయ్యాయి. దింపుకి పొరుగూరి మనుషులు వస్తున్నారు. వాళ్ళు తొలి గుక్క తాగరు, "సల్లగుండాల" అనరు, పని ముగించి బండెక్కి పోతారు. ఇంక మా వాళ్ళ నోళ్ళకి పని దొరికింది. అప్పన్న నోరు తడపకపోబట్టే కాయ పలచబడిందన్నారు. ఆపరేషన్ అయిన మనిషికి వద్దన్నారంటే, తాగొద్దన్నారు గానీ పెదవికి తగిలించొద్దన్నారా అని లా పాయింటు తీశారు.

మొదట కనిపెట్టింది చిన్నతల్లి. అతని తెల్లచొక్కా తెచ్చి నా ముందు పరిచింది. గుండెల మీద గోధుమరంగు మరకలు. కొబ్బరి నీళ్ళ మరక మొదట కనపడదు, ఆరాక రంగు తేలుతుంది, చాకిరేవుకి వేసినా పోదు. ఒకదాని పక్కన ఒకటి, పాతవీ కొత్తవీ.

"సూడన్నియా" అంది.

అప్పన్నని పెరట్లోకి పిలిచి అడిగాను. దాచలేదు.

"ఒక గుక్కే బావా. ఏ ఇంటికాడా రెండో గుక్క ఏసినోణ్ణి కాను."

"ఎన్ని ఇళ్ళ కాడ?"

అతను వంగి దూడ మెడలోని తాడు సర్దాడు.

"సచ్చిపోతావని డాక్టరు సెప్పలేదేటి? నువ్వు ఇనలేదేటి?" నాకు కోపం వస్తే నా నోటికి కూడా ఊరి భాషే వస్తుంది.

"ఇన్నాను" అన్నాడు. చేత్తో గుండెల మీది గాటు నిమురుకున్నాడు. "బావా, సెట్టు మీదున్నన్నాళ్ళు ఊరంతా తలెత్తి నన్ను సూసీవోరు. ఇప్పుడు దారమ్మట ఎల్తంటే పాపం అంతన్నారు. ఆ బొండం సేతిలో ఎట్టినప్పుడు ఒక్కరూ పాపం అనరు. నాను తాగీదాకా ఆగుతారు. ఆ ఒక్క పని మిగిలింది నాకు. అదీ నేదంటే ఇంక నానేటి, మొవ్వు పోయిన సెట్టుని."

నాకు ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ అరిచాను. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట చెప్పారు. మా ఇంట్లో ఒక్క గుక్కే కదా, దానికేమవుతుంది? ఎవరి గుక్క వాళ్ళకి చిన్నదే. రాజులమ్మ ఒక్కతే ఏడ్చింది. ఇంక ఇవ్వనని నా చేతిలో చెయ్యి వేసింది.

వారం తిరక్కుండా అప్పన్న కాళ్ళు తేలిపోతున్నాయి అనడం మొదలుపెట్టాడు. మంచం మీంచి లేవడానికి చేతులు ఊనుకోవాల్సి వచ్చేది. పలాస వెళ్ళి రక్తం చూపిద్దాం, ఇప్పుడే ఆటో ఎక్కు అన్నాను. చిన్నతల్లి చొక్కా తెచ్చి చేతికిచ్చింది. అతను మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయాడు.

"రేపు రాజులమ్మ పెద్దమ్మ దింపు. తుఫానుకి నిలబడ్డ సెట్లు అయ్యి. నాను అక్కడుండాల. దింపు అవగానే నీ ఆటోలోనే వత్తాను, సరేనా. నీళ్ళు ముట్టను. ఒట్టు."

లాక్కెళ్ళాలని చూశాను. ఆపరేషన్ అయిన మనిషిని ఎక్కడ పట్టుకుని లాగుతాం? పొద్దున్నే రాజులమ్మ గారింటికి ఆటో తెస్తానని చెప్పి వచ్చాను. చిన్నతల్లి వెంట వెళతానంటే అతను వద్దనలేదు. కానీ ఆమె దూడకి కుడితి పెట్టి వచ్చేలోగా మనిషి కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను ఆటో తీసుకుని వెళ్ళేసరికి పెరటి నిండా జనం గుంపుగా ఉన్నారు. గుంపు మధ్యలో చప్పుడు లేదు. ఇంజను ఆపకుండానే దూకి జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను.

అప్పన్న చెట్టు మొదట్లో కూలబడి ఉన్నాడు. అక్కడున్నవాళ్ళు తర్వాత చెప్పారు. దారిలో రెండు మూడు ఇళ్ళ దగ్గర ఆపి ఇస్తే కాదనలేక గుక్కెడేసి తాగి వచ్చాడట. రాజులమ్మ మాత్రం ఇవ్వలేదట. పొరుగూరి మనిషి దించిన తొలి బొండాన్ని అప్పన్నే అడిగి తీసుకుని, ఒక గుక్క తాగి, కాసిని నీళ్ళు మొదట్లో పోసి, "సల్లగుండాల" అన్నాడట. అని మానుకి వీపు ఆనించి జారిపోయాడట. కళ్ళు తేలిపోయాయి, ఒళ్ళు చెమట పట్టింది. సొమ్మసిల్లాడనుకున్నారు.

సొమ్మసిల్లిన మనిషికి మా ఊళ్ళో ఏం పోస్తారో చెప్పాను కదా.

రాజులమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఇవ్వనని నా చేతిలో చెయ్యి వేసిన మనిషే. ఆ క్షణంలో ఆమెకి డాక్టరూ గుర్తులేడు, నేనూ గుర్తులేను. కొడుకు లాంటివాడు చేతుల్లో వాలిపోతుంటే చేతులు వాటికి తెలిసిన పని చేసేశాయి. కొత్త బొండం పూర్తిగా అతని నోట్లోకి వంచింది. నీళ్ళు సగం లోపలికి పోయాయి, సగం చెంపల మీంచి కారి ఆమె చీరని తడిపాయి.

నేను ఆ బొండాన్ని కాలితో తన్నాను. అప్పన్న చెయ్యి పట్టుకుని నాడి వెతికాను. మెడ దగ్గర వెతికాను. చెవి గుండెల మీద ఆనించాను. లోపల కొత్త తలుపు ఉంది. అది ఇంక ఎవరి కోసమూ తెరుచుకోవడం లేదు. నాకు చేతనైనట్టు గుండెల మీద నొక్కాను, చెమట కారేదాకా నొక్కాను. ఆ గాటు నా అరచేతికి తగులుతూనే ఉంది. చుట్టూ ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ ఏం చేయాలో తెలియదు. వాళ్ళ కళ్ళు చూస్తే వాళ్ళకి అప్పటికీ ఏం జరిగిందో తెలియలేదనిపించింది.

చిన్నతల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఆమె మొగుడి మొహం చూసింది, నా చేతులు చూసింది, ఇంక నొక్కకు అన్నట్టు నా భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత రాజులమ్మ తడిసిన చీర చూసింది. పక్కన దొర్లి ఉన్న బొండం కూడా చూసింది.

రాజులమ్మ తల పైకెత్తలేదు. "నాను... నాను..." అంటోంది. ఆ మాట దగ్గరే ఆగిపోతోంది.

నాకు చెప్పాల్సిందంతా నోటిదాకా వచ్చింది. ఊరందరికీ వినపడేలా, ఎవరి ఇంట్లో ఎంత పోశారో, ఆఖరిది ఎవరు పోశారో, పేరు పేరునా అరిచి చెప్పాలనుకున్నాను. ఈ నెలల్లో నేను వాళ్ళతో పోట్లాడిందంతా ఆ ఒక్కసారికే దాచుకున్నట్టు ఉంది.

చిన్నతల్లి వంగి ఆ బొండం తీసింది. పెరటి మూల తాగి పడేసిన బొండాల డొక్కల గుట్ట దగ్గరికి నడిచి వెళ్ళి, వాటిలో ఒకటిగా కలిపేసి వచ్చింది. వచ్చి అప్పన్న కాళ్ళ దగ్గర కూర్చుంది. కొంగుతో అతని చెంపలు తుడిచింది, గడ్డం తుడిచింది, చొక్కా మీద మరక కాబోతున్న తడిని కూడా తుడిచింది. అప్పుడు అందరికీ వినపడేలా, ఏడుపు లేని గొంతుతో నాతో అంది.

"పెద్దమ్మ మంచినీళ్ళు పోసింది. ఇన్నావా అన్నియా, ఎవులడిగినా మంచినీళ్ళే."